గరాచర్మ పున్నమి, ఫిజీ భూకంపాలు

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం. ఆ తేదీ వినగానే దేశంలో చాలామందికి గ్రహణం ఒక్కటే గుర్తొస్తుందేమో గానీ, అండమాన్‌లో అలా కాదు. 2004లో సరిగ్గా అదే తేదీ, ఉదయం ఆరున్నరకి నేల ఊగింది. తర్వాత సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. ఆ రోజు పౌర్ణమి. మా గరాచర్మకి దగ్గర్లో ఉన్న సిప్పీఘాట్‌లో అప్పుడు నేల కుంగి, పొలాలు ఉప్పునీళ్ళ పాలయ్యాయి. ఆ దారిన పోయేవాళ్ళెవరికీ సునామీని వేరే గుర్తుచెయ్యక్కర్లేదు.

అందుకని 2019లో గ్రహణం దగ్గర పడుతుంటే మా వీధిలో మాటలు మొదలయ్యాయి. ఇక్కడ తెలుగువాళ్ళం తక్కువేం కాదు. చాలా కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చినవే. ఒక పెద్దావిడ నన్ను ఆపి, "ఏటి బాబూ, అప్పుడు పున్నమికొచ్చింది. ఇప్పుడు అమాస, పైగా గెరనం. తేదీ కూడా అదే. పిల్లల్ని ఒడ్డుకి పంపకండి" అన్నారు.

నవ్వేసి ఊరుకునే మాట కాదది. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ ఉంటుందని వేటకెళ్ళే ప్రతివాడికీ తెలుసు. అది నిజం కూడా. సముద్రాన్ని లాగగలిగిన చంద్రుడు భూమిని ఎందుకు కదపలేడు అని అడిగితే అది తెలివితక్కువ ప్రశ్నేం కాదు. పైగా ఈ నమ్మకంలో ప్రమాదం ఉన్నది భయపడే రోజుల్లో కాదు, భయపడని రోజుల్లో. తిథి చూసుకుని ధైర్యంగా ఉన్నవాడు, సప్తమి నాడు నేల ఊగితే పరిగెత్తడు.

సరే, గ్రహణానికి నాలుగు రోజుల ముందు మా వరండాలో పదిమందిమి కూర్చుని మాట్లాడుకుందామనుకున్నాం. లెక్క వేసి చూపిస్తానని నేను ఒప్పుకున్నాను. అమెరికా భూవిజ్ఞాన సర్వే వాళ్ళు భూకంపాల పట్టికను ఎవరికైనా ఉచితంగా ఇస్తారు. మన ప్రాంతంలో వచ్చినవి ఏరుకుని, ఏ భూకంపం ఏ తిథికి దగ్గరో లెక్కపెడితే సరి. దానికి నేను వాడింది 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ ఎన్విరాన్‌మెంట్. గణాంకాల కోసమే పుట్టినది, ఉచితం. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ మొదలుపెట్టారు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది.

నా లెక్కను ఇంకొకరు తనిఖీ చెయ్యకుండా పదిమందిలో చెప్పకూడదు కదా. విశాఖలో ఉన్న ఒక హేతువాద మిత్రుడికి ప్రోగ్రాంని ఈమెయిల్‌లో పంపాను. ప్రోగ్రాం మాత్రమే పంపాను, పట్టిక పంపలేదు. చెన్నై నుంచి మాకు సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న గానీ ప్రారంభం కాలేదు. అంతకు ముందు ఉపగ్రహం మీద వచ్చే ఇంటర్నెట్‌తో పెద్ద ఫైలు పంపడమంటే రాత్రంతా జాగారమే. పట్టిక ఎక్కడ తెచ్చుకోవాలో ప్రోగ్రాం మొదటి వరుసలోనే ఉంది, ఆయనే దించుకుంటాడు అనుకున్నాను.

మర్నాడు ఫోన్. "ఏమండీ, మీ దీవుల్లో 2004 భూకంపం జరగలేదా?"

ఆయన దగ్గర వచ్చిన జవాబులో అన్నిటికంటే పెద్ద భూకంపం 6.4. నా దగ్గర 9.1. ఆయన దగ్గర కొన్ని భూకంపాలు 600 కిలోమీటర్ల కంటే లోతున పుట్టాయి. అండమాన్ కింద అంత లోతున భూకంపాలు పుట్టవు. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం తేడా లేదు. ఎక్కడా తప్పు ఉందని కంప్యూటర్ అనలేదు. ఆయనది లైనక్స్, నాది విండోస్. "నీ విండోస్ మహిమ" అని ఆయన, "మీ లైనక్స్‌లో ఏదో తేడా ఉంది" అని నేను. ఇద్దరు హేతువాదులు ఒక గంటసేపు చేసిన వాదన అది.

తేలింది ఇది. ఆర్‌లో నేర్చుకునేవాళ్ళ కోసం కొన్ని పట్టికలు ముందే పెట్టి ఉంటాయి. వాటిలో ఒకదాని పేరు 'క్వేక్స్'. 1964 తర్వాత ఫిజీ దీవుల దగ్గర వచ్చిన 1000 భూకంపాలు అందులో ఉంటాయి. లోతు 40 నుంచి 680 కిలోమీటర్లు, తీవ్రత 4 నుంచి 6.4. నేను నా అండమాన్ పట్టికకి కూడా తెలియకుండా అదే పేరు పెట్టాను. తీవ్రతకీ లోతుకీ రెండు పట్టికల్లోనూ నిలువు వరసల పేర్లు ఒకటే. ఇక పట్టికను చదివించే మొదటి వరుస ఉందనుకున్నాను చూడండి, అది ప్రోగ్రాంలో లేనే లేదు. ఎప్పుడో కొన్ని నెలల క్రితం చేత్తో కొట్టాను, అంతే. ఆయన కంప్యూటర్ ఫిజీని లెక్కపెట్టింది. మరి నా కంప్యూటర్‌కి అండమాన్ ఎలా గుర్తుంది?

ఆర్‌ని మూసేటప్పుడు వర్క్‌స్పేస్‌ని దాచమంటారా అని అడుగుతుంది. అవును అని నొక్కుతాం. అప్పటిదాకా మనం తయారు చేసినదంతా 'చుక్క ఆర్‌డేటా' అనే ఫైల్లోకి పోతుంది. మళ్ళీ తెరిచినప్పుడు ఆర్ దాన్ని తనంతట తానే ఎక్కించుకుని, పాత వర్క్‌స్పేస్ తిరిగి తెచ్చాను అని ఒక్క వరుస చూపిస్తుంది. ఆ వరుసని నేను నెలల తరబడి చూశాను. చదవలేదు.

ఈ అలవాటు ఎవరు పెట్టారో వెతుకుతూ పోతే చాలా వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. హైదరాబాదులోని ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ని తెచ్చింది. పేరులోని 'టీ' ట్రాంబే. ఆ తరం చిన్న యంత్రాలను నడపాలంటే ముందు పలక మీద స్విచ్‌లు పైకీ కిందికీ నొక్కుతూ ఒక బుల్లి లోడర్‌ని అంకె తర్వాత అంకెగా ఎక్కించడం, ఆ లోడర్‌తో కాగితపు టేపుని చదివించడం మామూలు పద్ధతి. విసుగు పుట్టే పనే. కానీ యంత్రంలో ఏముందో నడిపేవాడికి తెలుసు, తన వేళ్ళతోనే ఎక్కించాడు కనుక.

విసుగు తగ్గించుకోవడం దగ్గరే కథ మొదలవుతుంది. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థ ఉండేది. రోజూ కొట్టే ఆదేశాలను ఒక ఫైల్లో రాసిపెట్టి, ఒక్కమాటతో అన్నీ నడిపించడానికి లూయీ పూజాన్ 'రన్‌కామ్' అనేదాన్ని రాశాడు. యూనిక్స్ కుటుంబంలో నేటికీ మొదలయ్యేటప్పుడు చదివే ఫైళ్ళ పేర్ల చివర 'ఆర్‌సీ' అని ఉంటుంది. ఆ రెండక్షరాలు రన్‌కామ్ నుంచి వచ్చినవే. వాడేవాళ్ళలో చాలామందికి అర్థం తెలియదు, మంత్రంలో బీజాక్షరాల్లాగా.

ఆ ఫైళ్ళ ముందుండే చుక్క కథ ఇంకా బాగుంటుంది. యూనిక్స్ తొలిరోజుల్లో ప్రతి ఫోల్డరులోనూ రెండు ప్రత్యేకమైన పేర్లు వచ్చి చేరాయి: ఒక చుక్క అంటే ఈ ఫోల్డరే, రెండు చుక్కలంటే దీని పైది. ఫైళ్ళ జాబితా అడిగిన ప్రతిసారీ ఈ రెండూ కనబడటం చికాకు. వాటిని దాచడానికి ఎవరో, పేరు చుక్కతో మొదలైతే చూపించకు అని రాశారు. పూర్తి పేరు పోల్చడం కంటే మొదటి అక్షరం చూడటం సులువు కదా. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ మాయమైంది. జనం దాన్ని సౌకర్యం అనుకుని తమ సెట్టింగులన్నీ అక్కడే దాచుకోవడం మొదలుపెట్టారు. ఇది పథకం కాదు, పొరపాటు అని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ 2012లో రాశాడు. ఒకడి బద్ధకం ఆచారమైంది. ఆచారాలు ఎలా పుడతాయో ఇంత స్పష్టంగా, పుట్టించినవాళ్ళు బతికుండగానే తెలిసిన సందర్భాలు మన మతాల చరిత్రలో దొరకవు.

కంప్యూటర్ మన పాత పనిని తనంతట తాను గుర్తుపెట్టుకోవడం మాత్రం వేరే శాఖ. కెన్నెత్ ఐవర్సన్ రూపొందించిన ఏపీఎల్ అనే భాషను ఐబీఎం వాళ్ళు 1960ల నడుమ పెద్ద యంత్రాల మీద పెట్టారు. టెలిఫోన్ తీగ మీద టైపురైటర్ లాంటి టెర్మినల్‌తో పనిచేసేవాళ్ళు. లైను తెగితే? అప్పటిదాకా చేసిన పనిని యంత్రం 'కంటిన్యూ' అనే పేరుతో దాచేది, మళ్ళీ కలిసినప్పుడు దాన్నే ముందు పెట్టేది. కరెంటూ లైనూ ఎప్పుడు పోతాయో తెలియని చోట బతికిన నాకు అది ఎంత గొప్ప ఉపకారమో విడిగా చెప్పక్కర్లేదు. మామూలుగా మొదలైతే మాత్రం ఏపీఎల్ మొదటి మాటే, వర్క్‌స్పేస్ ఖాళీగా ఉంది అని. ఆ మాట నాకు నచ్చింది. తన దగ్గర ఏమీ లేదని ముందే చెప్పుకునే యంత్రం.

1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛేంబర్స్, ఆయన సహచరులు 'ఎస్' అనే గణాంక భాష మొదలుపెట్టారు. అందులో మనం పేరు పెట్టిన ప్రతిదీ డిస్కు మీద శాశ్వతంగా ఉండిపోయేది. ఆక్లాండ్ వాళ్ళు ఎస్‌కి వారసుడిగా ఆర్‌ని రాసినప్పుడు అన్నిటినీ మెమరీలో ఉంచి, మూసేటప్పుడు మాత్రం దాచుకునే ఏర్పాటు చేశారు. ఎస్ శాశ్వతత్వంలో మిగిలిన ముక్క అది. అది వచ్చి నా కంప్యూటర్లో చుక్క వెనక కూర్చుంది.

ఇన్ని సంగతులు మౌనంగా వెంటేసుకొచ్చే యంత్రాన్ని, ఇవేవీ వద్దు, ఖాళీ చేతులతో రా అని పిలిచే దారి ఉండాలి కదా. ఆ పిలుపులే స్టార్టప్ ఆప్షన్లు. ప్రోగ్రాం పేరు పక్కన రాసే మాటలు. ఆర్‌కి ఆ మాట 'వెనిల్లా', ముందు రెండు అడ్డగీతలు. ఏ పండూ కలపని మామూలు ఐస్‌క్రీం అన్న అర్థంలో. అది ఒక్కటి రాస్తే ఐదు పనులు జరుగుతాయి: పాత వర్క్‌స్పేస్ తేదు, మూసేటప్పుడు దాచదు, మన సొంత సెట్టింగుల ఫైలు చదవదు, ఆ కంప్యూటరు మొత్తానికి పెట్టిన సెట్టింగుల ఫైలు చదవదు, పరిసరాల విలువలు పెట్టే ఫైళ్ళనూ చదవదు. ఈ అవసరం ఆర్‌కే పరిమితం కాదు. ఈమాక్స్‌లో ఇలాంటిదే పెద్ద 'క్యూ' 2007లో 22వ వెర్షన్‌తో వచ్చింది. పైథాన్‌లో పెద్ద 'ఐ' 2014లో 3.4తో వచ్చింది. అంటే ఎవరి ఇంట్లో వాళ్ళు నాలాగే దెబ్బతిన్నారన్నమాట.

అబ్రహాం కోవూర్ 1963లో సవాలు విసిరినప్పుడు మహిమగాళ్ళకి పెట్టిన పరీక్షల్లో సీలు వేసిన కవరులోని నోటు నంబరు చెప్పడం ఒకటి. కవరు ఎందుకు? లోపల ఏముందో ముందే తెలిసే అవకాశం లేకుండా. విభూతి తీసేవాణ్ణి చొక్కా చేతులు మడవమంటాం. నేను మాత్రం చొక్కా చేతుల్లో అండమాన్ పట్టిక పెట్టుకుని గాల్లోంచి అంకె తీశాను. నాకే తెలియదు, అదొక్కటే తేడా.

ఆప్షన్ రాయడం కూడా ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కో రకం. దానికీ చరిత్రే కారణం. యూనిక్స్‌లో ఆప్షన్ ముందు అడ్డగీత పెడతారు. 1981లో వచ్చిన మొదటి డాస్‌లో ఏటవాలు గీత, అంటే స్లాష్ పెట్టారు. రెండేళ్ళకి 2.0లో ఫోల్డర్లు వచ్చేసరికి, యూనిక్స్‌లో ఫోల్డర్లను విడదీసే స్లాష్ ఇక్కడ అప్పటికే ఖర్చయిపోయింది. అందుకే విండోస్‌లో నేటికీ ఫోల్డర్ల మధ్య గీత వెనక్కి వాలి ఉంటుంది.

డాస్ రోజులంటే మన కాలేజీల టర్బో సీ గుర్తుకొస్తుంది. నేను చదివిన చోట ల్యాబ్‌లో ఆయుధపూజకి మానిటర్లన్నిటికీ బొట్లు పెట్టేవాళ్ళు. మూడో వరుసలోని ఒక కంప్యూటర్‌కి మాత్రం రోజూ నమస్కారాలే. దాని మీద ప్రోగ్రాం ఒక్కసారికే నడుస్తుంది, పక్కదాని మీద హెడర్ ఫైలు దొరకలేదంటుంది. అది లక్కీ కంప్యూటర్. పరీక్ష రోజు దాని కోసం తోపులాట. ఒక అబ్బాయికి అది దక్కక, వేరేదాని మీద ప్రోగ్రాం నడవక, కళ్ళనీళ్ళతో బయటికి వచ్చాడు. కారణం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. టర్బో సీ మొదలవగానే 'టీసీకాన్ఫిగ్' అనే ఫైలు చదువుతుంది. హెడర్ ఫైళ్ళు ఏ ఫోల్డరులో ఉన్నాయో అందులో ఉంటుంది. ఒక కంప్యూటర్ నుంచి మిగతావాటికి కాపీ కొట్టినవాళ్ళు డ్రైవు అక్షరం మారిందని చూసుకోలేదు. ఆ ఒక్క వరుస సరిచేస్తే మొత్తం ల్యాబ్ లక్కీ అయ్యేది. ఆ అబ్బాయి మార్కులు పోయేవి కావు.

మళ్ళీ 2019కి వస్తాను. లైనక్స్ మిత్రుడికి పని సులువు: టెర్మినల్‌లో ఆర్ అని కొట్టి, పక్కన అడ్డగీతలతో వెనిల్లా. మ్యాక్ వాళ్ళు కూడా టెర్మినల్ తెరిచి అదే కొట్టవచ్చు, ఐకాన్‌కి ఆప్షన్ తగిలించే పెట్టె అక్కడ లేదు. విండోస్‌లో నాలాంటివాళ్ళం ఐకాన్ మీద రెండుసార్లు నొక్కడమే తప్ప ఏదీ కొట్టం. అక్కడ ఐకాన్ మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో 'టార్గెట్' పెట్టెలో ఉన్న దారి చివర ఆప్షన్ చేర్చాలి. ఆ దారి కొటేషన్ గుర్తుల మధ్య ఉంటే, చివరి గుర్తు దాటాక, ఒక ఖాళీ వదిలి రాయాలి. నేను మొదటిసారి లోపల రాసి తిట్లు తిన్నాను. దాని కిందే 'స్టార్ట్ ఇన్' అనే పెట్టె ఉంటుంది. ఆర్ ఏ ఫోల్డరులో మొదలవ్వాలో, అంటే ఏ పాత వర్క్‌స్పేస్‌ని వెంట తేవాలో అదే నిర్ణయిస్తుంది. రెండు ఐకాన్లు చూడటానికి ఒకేలా ఉండి, ఆ పెట్టెలో తేడా ఉంటే రెండు వేర్వేరు జ్ఞాపకాలతో లేస్తాయి.

వెనిల్లాతో తెరిచి నా ప్రోగ్రాంని నడిపాను. నా కంప్యూటర్లో కూడా 9.1 మాయమై ఫిజీ వచ్చింది. ఒక విధంగా సంతోషమే, రెండు చోట్లా ఒకే తప్పు.

అసలు దెబ్బ ఆ తర్వాత. పట్టికని మళ్ళీ దించి, చదివించే వరుస ప్రోగ్రాంలో రాసి నడిపితే, నా పాత పట్టికలో ఉన్నవాటికంటే చాలా ఎక్కువ భూకంపాలు వచ్చాయి. అంటే దాచిపెట్టుకున్న పట్టికలోంచి నేనే ఎప్పుడో కొన్నిటిని తీసేశాను. ఆలోచిస్తే గుర్తొచ్చింది. 2004 తర్వాత వారాల తరబడి వచ్చిన అనుప్రకంపనలు. అవి తియ్యడం న్యాయమే. పున్నమి నాడు ఒక పెద్దది వస్తే దాని వెనక వచ్చే గుంపు అంతా పున్నమి ఖాతాలో పడుతుంది కదా. కానీ ఏవి తీశాను? ఎన్ని రోజుల వరకు? ఎంత దూరంలోవి? ఎక్కడా రాసిపెట్టలేదు. నాకు కావలసిన జవాబు వచ్చేదాకా తీస్తూ పోయానా? లేదనే అనుకుంటున్నాను. అయితే "లేదనే అనుకుంటున్నాను" అని ఒక జ్యోతిష్కుడు అంటే నేను ఒప్పుకోను.

అందుకని వరండాలో నా అంకె చెప్పలేదు. లెక్క తప్పింది, మళ్ళీ వేస్తున్నాను అని ఒప్పుకున్నాను. దాని బదులు అందరికీ తెలిసినవే గుర్తుచేశాను. 2002 సెప్టెంబరు 14 తెల్లవారుజామున డిగ్లీపూర్ వైపు వచ్చినప్పుడు చంద్రుడు సగమే. 2009 ఆగస్టు 11న అండమాన్‌కి ఉత్తరాన వచ్చిన 7.5, 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర వచ్చిన 8.6, రెండూ పున్నమి వెళ్ళిన ఐదో రోజు. ఇవి రుజువులు కావు, 2004 ఎలా రుజువు కాదో ఇవీ అలాగే కావు అని కూడా చెప్పాను.

పరిశోధకులు ఏమన్నారో అదీ దాచలేదు. టోక్యోకి చెందిన సతోషి ఇదే బృందం 2016లో, పోటు ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు చిన్న పగులు పెద్దదిగా పెరిగే అవకాశం కొంచెం పెరగవచ్చని రాసింది. అమెరికా భూవిజ్ఞాన సర్వేకి చెందిన సూజన్ హఫ్ 2018లో, 8, అంతకు మించిన భూకంపాలకి సంవత్సరంలో గానీ చాంద్రమాసంలో గానీ ఇష్టమైన రోజులున్నాయా అనే ప్రశ్ననే వ్యాసానికి పేరుగా పెట్టింది. వ్యాస సంగ్రహం మొత్తం ఒక్క మాట: లేవు.

పెద్దావిడ అంతా విని, "అయితే రేపు రాదంటావా బాబూ?" అన్నారు. రాదని నేను చెప్పలేను, వస్తుందని పంచాంగమూ చెప్పలేదు అన్నాను. నేల గట్టిగా ఊగినా, చాలాసేపు ఊగినా తిథి చూడకుండా, ఎవరో చెప్పేదాకా ఆగకుండా ఎత్తుకి వెళ్ళిపొమ్మన్నాను. ఆవిడ తల ఊపారు. అమాస సంగతి వదిలేశారని మాత్రం అనుకోను.

గ్రహణం వచ్చింది, పోయింది. పిల్లలు గ్రహణం కళ్ళద్దాలతో చూశారు. కొత్త ప్రోగ్రాం తయారవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. పట్టిక ఎక్కడిది, ఏ రోజు దించింది, అనుప్రకంపనలని ఏ నియమంతో తీసింది, అన్నీ అందులోనే రాశాను. మిత్రుడు లైనక్స్‌లో, నేను విండోస్‌లో, ఇద్దరమూ వెనిల్లాతో నడిపాం. చివరి అంకె దాకా ఒకటే వచ్చింది. పున్నమి, అమావాస్యల వైపు మొగ్గేమీ కనబడలేదు. ఒక చిన్న ప్రాంతపు పట్టికతో అంతకంటే గట్టిగా మాట్లాడకూడదు.

ఆ మిత్రుడు ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు అడిగేది, "ఏమండీ, ఫిజీలో అందరూ కులాసాయేనా?" అని.